డ్రాయింగు మూలన ఊరి పేరు

కొరియాలోని బుసాన్ రేవు పక్కన మా కస్టమ్స్ బ్రోకరు ఆఫీసులో ప్యో గిల్సుది ఇరవై ఆరేళ్ల కుర్చీ. దిగుమతి యంత్రాలకు పన్ను వేయాల్సిన విలువ తేల్చడం అతని పని. ఇన్‌వాయిస్ ధర ఒక్కటే సరిపోదని కొత్తవాళ్లకు చెప్పేవాడు. ఓడ కిరాయి, బీమా కలపాలి. కొన్నవాడు తయారీదారుకు ఊరికే ఇచ్చిన డ్రాయింగులు పరాయి దేశంలో గీయించినవైతే, ఆ ఖర్చూ కలపాలి. ఇక్కడ గీసినవైతే అక్కర్లేదు.

నాలుగేళ్ల కిందట చేరిన సొను యొన్ అనే అమ్మాయికి ఇదంతా నేర్పింది అతనే.

వచ్చే వసంతంలో మా విభాగానికి కొత్త పెద్దను వేస్తారని చలికాలం మొదట్లో తెలిసింది. అప్పటినుంచి గిల్సు ఆమెతో మాట తగ్గించాడు. యజమాని ఆమె బల్ల దగ్గర ఎంతసేపు నిలబడ్డాడో గడియారం చూసేవాడు. ఒకరోజు పంది ఎముకల పులుసులో అన్నం కలుపుతూ నాతో అన్నాడు:

"ఆవిడకేంలే. ఓ నవ్వు నవ్వితే లెక్క కుదిరిపోద్ది."

నేను పులుసు తాగాను.

మా దగ్గర ప్రతి పత్రానికీ రెండు ముద్రలు ఉండాలి. రాసినవారిది ఒకటి, సరిచూసినవారిది ఒకటి. ఆమె పత్రాలు సరిచూసేది గిల్సు. ఆమె పని బాగుందని తెలుసుకోవడం ఇష్టంలేక, చదవకుండానే చివరి పేజీ తిప్పి ముద్ర వేసేవాడు.

ఫిబ్రవరిలో ఇటలీ ప్రెస్సు యంత్రం ఒకటి రేవు దాటింది. వారం తర్వాత వేరే కాగితం వెతుకుతూ గిల్సు ఆ ఫైలు తెరిచాడు. కొన్నవాడు ఇచ్చిన డ్రాయింగు మూలన, అది గీసిన ఊరి పేరు చిన్న అక్షరాల్లో ఉంది. ఓసాకా, జపాన్. యొన్ అది బుసాన్‌లో గీసిందనుకుని ఖర్చు వదిలేసింది.

ఫైలు పట్టుకుని యజమాని గది దాకా నడిచాడు. తలుపు దగ్గర ఆగి, ఆమె ముద్ర చూపించడానికి చివరి పేజీ తీశాడు. దాని కిందే తన ముద్ర.

ఫైలు మూసి, ఆమె బల్ల దగ్గరికి వెళ్లాడు.

"ఓసాకా సంగతేగా సర్? పొద్దున్నే చూశా. సవరణ రాసేశాను," అంది యొన్. "యజమానిగారికీ చెప్పా, తప్పు నాదేనని."

"నా ముద్ర కూడా ఉందిగా."

"నేర్పింది మీరు. చూడకుండా వేసుంటారని ఎట్లా చెప్పను?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననుకున్నాడు. సవరణ మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివాడు. తప్పు దొరకలేదు. ముద్ర వేశాడు.

వసంతంలో ఆ పదవి ఆమెకే వచ్చింది. ఇప్పుడు గిల్సు పత్రాలు యొన్ సరిచూస్తుంది. ప్రతి పేజీ చదివాకే ముద్ర వేస్తుంది.

అదీ అతనికి గిట్టదు.