పడమటింట్లో పెట్టిన సంచి

నిన్న పొద్దున గుడియాత్తం నుంచి మా అక్క ఫోను చేసింది. అటక మీది సంచి దించి ఎండలో దులుపుతుంటే పక్క జేబులోంచి బెల్లం ముక్క ఒకటి రాలిందట. "రాయి మాదిరి అయిపోయిండాది మే. పారేసేదా, దాచేదా?" అని అడిగింది. అన్ని ఊళ్లు తిరిగి, అన్ని సరిహద్దులు దాటి, ఒక్క చీమకైనా చిక్కకుండా ఇల్లు చేరిన బెల్లాన్ని పారెయ్యమనడానికి నాకు నోరు రాలేదు. దాచమన్నాను. "నేనూ అదే అనుకున్యా. మళ్లీ పోయేటప్పుడు పనికొస్తాది" అని ఫోను పెట్టేసింది. మళ్లీ పోయేటప్పుడు! ఏదో ఆంబూరు పోయి బిరియాని పొట్లం తెచ్చుకునేంత మామూలుగా అనేసింది. మొదటిసారి ఆమెను గడప దాటించడానికి ఎంత తతంగం నడిచిందో తలుచుకుని నేను కాసేపు ఒంటరిగా నవ్వుకున్నాను.

నేను వేలూరులో ఒక బడిలో భూగోళం చెప్పి రిటైరయిన మనిషిని. గోడకు వేలాడే పటంలో కర్ర పెట్టి రోము ఇదీ, వియన్నా ఇదీ, పారిస్ ఇదీ అని ఎన్ని తరాల పిల్లలకు చూపించానో! ఆ కర్ర తిరిగినన్ని దేశాలు నేను తిరగలేదు. వేలూరుదాన్ని గనక లోకంలో ప్రతి ఊరి మీదా వేలు పెట్టాను గాని, కాలు పెట్టింది మాత్రం కాట్పాడి దాటితే చెన్నపట్నం, ఇటు దాటితే జోలార్పేట. అలాంటి నా దగ్గరికి అక్క కూతురు ఒక ఆలోచన పట్టుకొచ్చింది. ఆ పిల్ల ఆంబూరులో చెప్పుల కంపెనీలో బూట్లకు నమూనాలు గీస్తుంది. పని మీద రెండుసార్లు ఇటలీ పోయి వచ్చింది. "నేను లీవు పెడతా చిన్నమ్మా. నువ్వు, అమ్మ, నేను. రోము, వెనిస్, వియన్నా, ప్రాగ్, పారిస్. పెట్టెలొద్దు, మనిషికొక సంచి, అది వీపు మీదే" అంది. ఊరూరికీ రైలు, రాత్రికి పడక మీద పడక ఉండే సత్రంలాంటి చోట బస. నా వీపు అప్పటికే నా బరువు మోయలేక మూలుగుతోందని చెప్పబోయాను గాని, పక్కన అక్క ముఖం చూసి మానేశాను.

అక్కకు అంతకు ముందు ఏడాదే ఒక మోకాలు మార్చారు. డాక్టరు బాగా నడవమన్నాడు. నడవడానికి ఆమెకు దారి కనబడలేదు. వంటింట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి వంటింట్లోకి, అంతే. ఈలోగా రెండో మోకాలు కూడా మొరాయించడం మొదలుపెట్టింది. ఆ రోజు కూతురు మాట విని, కాలు నిమురుకుంటూ నెమ్మదిగా అంది: "ఇది పూరా చెడిపోయే లోపల యాడికన్నా ఒకసారి నడిచి పోవాల మే. ఆస్పత్రికి గాకుండా." ఆ చివరి మాట విన్నాక నాకు వీపు నొప్పి ఉన్న సంగతే గుర్తు రాలేదు.

ఇక మిగిలింది మా బావ. బావ ఇళ్లు కట్టే మేస్త్రీ. మా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. బావ నిష్ఠగా చదివేది మాత్రం ఒక్కటే: అంగడివాళ్లు ఏడాదికోసారి ఇచ్చే, రోజుకో కాగితం చించే కేలండరు. అందులో రాహుకాలం పక్కనే సూలం అని ఉంటుంది. ఆ రోజు ఆ దిక్కున శూలం నిలబడి ఉంటుంది, అటు ప్రయాణం కూడదు. శుక్ర ఆదివారాలు పడమర, సోమ శనివారాలు తూర్పు, మంగళ బుధవారాలు ఉత్తరం, గురువారం దక్షిణం. తప్పనిసరైతే పరిహారం కూడా కిందే వేసి ఉంటుంది. పడమరకు బెల్లం, తూర్పుకు పెరుగు, అట్లా. ఆ ఇంట్లో పునాది గుంత నుంచి పెళ్లిచూపుల దాకా ఈ కాగితం చూడకుండా ఏదీ కదల్లేదు. అక్క అయితే ఆయన "ఊఁ" అననిదే పక్క వీధికైనా చెప్పులు తొడిగేది కాదు. భయం కాదు, అదొక అలవాటు. నలభై ఏళ్లు కలిసి తిన్న ఉప్పు లాంటిది.

ఒక ఆదివారం బల్ల చుట్టూ కూచున్నాం. ఒక కొసన పిల్ల లాప్‌టాపు, ఇంకో కొసన బావ కేలండరు, నడుమ నేనూ నా పాత అట్లాసూ. యూరప్ ఖండం మా ముగ్గురి మధ్య ఇరుక్కుపోయింది.

"రోము నుంచి వెనిస్ యా దిక్కు టీచరమ్మా?"

"ఉత్తరం బావా."

"మంగళ, బుధ వద్దు. ఆడ్నుంచి వియన్నా?"

"ఈశాన్యం."

బావ కళ్లు మూసుకుని ఆలోచించాడు. "మూలలకు సూలం లేదు. ఎప్పుడన్నా పోవచ్చు." యూరప్‌లో ఊళ్లన్నీ మూలమూలనే ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

"ప్రాగ్ నుంచి పారిస్ నేరుగా పడమర నాయనా. శుక్రవారం మంచి రైలుండాది" అంది పిల్ల.

"రైలుకేమమ్మా, అది ఇనుము. మనిషికి గదా సూలం."

అక్క అంతసేపూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ వింటోంది. "రాహుకాలం మన టైముకా, వాళ్ల టైముకా?" అని అడిగింది. ఆ ప్రశ్నతోనే నాకు అర్థమైంది, మనసులో ఆమె అప్పటికే రైలెక్కి కూచుందని. "యాడ పొద్దు పొడిస్తే ఆడి టైము" అని తీర్పు చెప్పాడు బావ. ఇన్ని చెప్పినాయన పొమ్మని మాత్రం చెప్పలేదు. మీరు కూడా రారాదా అంటే, "సెంట్రింగు కొట్టిండాది, నేనొస్తే కాంక్రీటు ఎవురు పోస్తారు?" అన్నాడు. మరి అక్కను పంపుతారా అంటే, "చూస్తాం" అన్నాడు. మా బావ భాషలో చూస్తామంటే సిమెంటు ఇంకా ఆరలేదు, కాలు పెట్టొద్దని అర్థం.

అయినా నేను వేలూరు బజారులో రెండు సంచులు కొన్నాను. "ఎన్న క్లాసుమా పాప?" అని అడిగాడు అంగడాయన, బడికి పోయే మనవరాలికనుకుని. రిటైర్డు క్లాసన్నాను. ఊదారంగు సంచి అక్కకిచ్చాను. ఆమె అందులో బియ్యం పోసి, వీపుకు తగిలించుకుని, పొద్దున్నే కౌండిన్య నది వంతెన దాకా నడక మొదలుపెట్టింది. మొదట్లో వీధి చివరికి పోయి గోడ పట్టుకుని తిరిగొచ్చేది. తర్వాత వంతెన ఈ కొస. తర్వాత ఆ కొస. పాలు తెచ్చుకునే ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏంక్కా, రేషను బియ్యం దినామూ ఇస్తా ఉండారా?" అని ఒకరు. "లేదు మే, పారిస్‌కు పోతా ఉండా" అంటే, "సంచి చూస్తే ఒకటో క్లాసుకు పోయేట్టుండావే!" అని ఇంకొకరు. అక్క నవ్వి ఇంకో నాలుగు అడుగులు ఎక్కువ వేసేది. ఆ వారాల్లో ఆమె నోట మోకాలు మాట నేను వినలేదు.

అప్పుడు టికెట్లు వచ్చాయి. కంపెనీవాళ్లు సెలవిచ్చిన తేదీలకు దొరికింది ఒక్కటే విమానం. శుక్రవారం. దిక్కు పడమర. అన్ని రైళ్లకూ దిక్కులు చూసినవాళ్లం, మొదటి అడుగుకు చూడటం మరిచిపోయాం. నేను భూగోళమంతా వాడి వాదించాను. గుడియాత్తం నుంచి చెన్నై తూర్పే కదా, శుక్రవారం తూర్పుకు దోషం లేదు కదా అని. "పోయే ఊరు యా దిక్కో అదే దిక్కు టీచరమ్మా. దోవ యెట్ల తిరిగితే యేమి?" అన్నాడు. బెల్లం ఉంది కదా అన్నాను. "బెల్లం తిని వాణియంబాడికి పోవచ్చు. సంద్రం దాటేదానికి చాలదు." పిల్ల బతిమాలింది: "ఆ దినం తప్పితే నాకు లీవు లేదు నాయనా." ఆయన కండువా దులుపుకుని పనికి వెళ్లిపోయాడు.

అక్క లేచి లోపలికి వెళ్లింది. సంచి తెచ్చి, బియ్యం డబ్బాలో ఒంపేసింది. ఆ గింజలు జారిన చప్పుడు నాకిప్పటికీ చెవిలో ఉంది. "పోనీలే మే. కాలు గూడా నొస్తా ఉండాది" అంది.

ప్రయాణం వారం వచ్చేసింది. మంగళవారం నేను గుడియాత్తం వెళ్లాను, సర్దడానికో సర్దిచెప్పడానికో నాకే తెలియకుండా. మర్నాడు పొద్దున బావ స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, ఊదారంగు సంచి తెచ్చి అక్క ముందు పెట్టాడు.

"నీ గుడ్డలు దీంట్లో పెట్టు."

"ఎందుకు?"

"పరస్తానం పెడతా. పొన్ కిడైచ్చాలుం బుధన్ కిడైక్కాదు."

బంగారమైనా దొరుకుతుంది గాని బుధవారం దొరకదని అరవంలో సామెత. పరస్తానం అంటే మా పెద్దలు ఎప్పుడో చేసి మేమంతా మరిచిపోయిన పద్ధతి. పోవలసిన రోజు మంచిది కాకపోతే, దానికి ముందు మంచిరోజు చూసి ప్రయాణం మూటను ఆ దిక్కున ఇంకొకరింట్లో పెట్టి వస్తారు. మూట వెళ్లిందంటే మనిషి బయల్దేరినట్టే. ఆ తర్వాత ఏ రోజు కదిలినా దోషం లేదు. ఒక్కటే నియమం, మూట మళ్లీ ఇంటికి రాకూడదు.

అక్క రెండు చీరలు ఎక్కువే పెట్టింది. బావ సంచిని తనే తగిలించుకున్నాడు. ఆ భుజాలు ఇటుకలు మోసినవి. సంచి పట్టీలు చాలక చంకల దగ్గర బిగుసుకున్నాయి. పేర్నంబట్టు రోడ్డులో, ఊరి పడమటి కొసన ఆయనతో పనిచేసే పాత మేస్త్రీ ఇల్లుంది. అక్కడికి బయల్దేరాడు, వెనకాల నేను. టీకొట్టు దగ్గర గ్లాసులన్నీ ఆగిపోయాయి.

"ఏమప్పా మేస్త్రీ, ఈ వయసులో ఇస్కూలా?"

బావ నిలబడ్డాడు. పది మందిలో గొంతెత్తే మనిషి కాడు. ఆ రోజు మాత్రం వీధంతా వినేట్టు చెప్పాడు: "మా ఇంటామె యూరోపుకు పోతా ఉండాది. ఈ పొద్దే బయలుదేరింది. సంచి ముందు పోతాది, మనిషి వెనకాల వస్తాది."

వెనక్కి తిరిగి చూశాను. అక్క వీధి చివరికి వచ్చి నిలబడి ఉంది. ఏ గోడా పట్టుకోలేదు.

శుక్రవారం కారు మొదట పడమరకే పోయింది. పాత మేస్త్రీ ఇంట్లో సంచి తీసుకుని, మళ్లీ అక్కావాళ్ల వీధి మీదుగానే తూర్పుకు తిరిగాం. ఇంటి ముందు ఆగకూడదు, అక్క తల తిప్పకూడదు. ఇల్లు దగ్గరికి రాగానే ఆమె నా చెయ్యి పట్టుకుని, "చూస్తా ఉండాడా?" అని అడిగింది. బావ గేటు దగ్గర నిలబడి, తూకం గుండు వేలాడదీసి గోడ చూసినంత శ్రద్ధగా ఆకాశం చూస్తున్నాడు. అదే చెప్పాను. "అట్లయితే చూస్తా ఉండేట్టే" అంది. పక్క జేబులో బెల్లం ముక్క ఉందని మేము రోములో గాని చూసుకోలేదు.

ఈ ఏడు అక్క రెండో మోకాలు కూడా మార్పించుకుంది. నిన్న ఫోను పెట్టేసి కాసేపటికి మళ్లీ చేసింది. "చెప్పడం మరిచినా మే. పోర్చుగల్ యా దిక్కని మీ బావ అడగమన్యాడు. సంచి ఎండలో వెయ్యమన్యది గూడా ఆయనే." అట్లాసు తియ్యడానికి లేచాను. మనం ఫలానా రోజున బయల్దేరామని లెక్క చెప్పుకుంటాం గాని, అంతకు చాలా ముందే ఏదో ఒక బుధవారం ఎవరో ఒకరు మన మూట మోసుకుపోయి ముందున్న కాలంలో ఒక ఇంట్లో పెట్టే ఉంటారు. మనం నెమ్మదిగా నడిచిపోయి అందుకోవడమే మిగిలి ఉంటుంది.