భ కింద ఒత్తు

మనవరాలి పెండ్లి కార్డుల కోసం జనగామలో ఒక అచ్చు దుకాణానికి పోయాను. దుకాణదారు కంప్యూటర్ మీద 'శుభలేఖ' అని పక్కకు ఒరిగిన అక్షరాల్లో చూపించాడు. ఒక్కో అక్షరానికి ఇంత పొడుగు తోక. "గిది మస్తు నడుస్తుందవ్వా" అన్నాడు. నాకు కడుపు మండింది.

అట్లా ఒరిగే అక్షరాలు మా దిక్కు మొదట రాసింది మా బాపు. దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నైజాం బడిలో వెదురు కలంతో ఉర్దూ దిద్దిన చెయ్యి ఆయనది. తెలుగు రాసినా ఆ వాలు పోయేది కాదు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ ఎగతాళి చేసేది. షావుకార్లకు మాత్రం ఆ వాలే కావాలి.

దొరల మీద సంఘం తిరగబడ్డ రోజుల్లో ఒకనాడు తెల్లారేసరికి బట్టల దుకాణం గోడ మీద 'వెట్టి చెయ్యం, బూమి ఇడువం' అని రాసి ఉంది. అక్షరాలన్నీ ఒరిగి ఉన్నాయి. బాపు రాయలేదు. జ్వరంతో మంచం దిగలేదు. అయినా ఆ వాలు చూసి ఠాణా పెద్ద అమీను పోలీసులతో నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఆయనకు తెలుగు చదవ రాదు. బాపును గోడ దగ్గరికి ఈడ్చుకుపోతుంటే అమ్మా నేనూ ఏడుస్తూ వెంట పడ్డాం.

నేను కాదు సాబ్ అని ఊరుకుంటే వదిలేవారేమో. పాడు గీర! బాపు గోడను చూసి మొహం చిట్లించాడు.

"నా రాత గింత అధ్వానముంటదా సాబ్? భూమికి ఒత్తే లేదు!"

రాయనివాడికి తప్పు ఎట్లా దొరికిందిరా అని అమీను ఉర్దూలో అడిగాడు. బాపు కుడి చేతిని గోడకు ఆనించి, తుపాకి మడమతో వేళ్లు నలగ్గొట్టించాడు.

బాపు రాత లేకుంటే దుకాణానికి కళే లేదన్న బట్టల షావుకారు, మర్నాడే బోర్డుకు సున్నం కొట్టించి నిలువు అక్షరాలు రాయించుకున్నాడు. బాపు మాత్రం పోయేదాకా ఎడమ చేత్తో కర్ర పట్టి మేకలు కాశాడు.

గోరుచుట్టు మీద రోకటి పోటన్నట్టు, బాపు దినం నాడు ఒక పెద్దమనిషి పూలదండతో వచ్చాడు. "ఆ గోడ మీద రాసింది నేనే చెల్లె. మీ బాపు బోర్డులు చూసే నేర్చుకున్న" అన్నాడు, గొప్పగా. ఇన్నేండ్లు ఎక్కడ చచ్చావని అడగాలనిపించింది. విస్తరి వేసి అన్నం పెట్టాను. కలుపుకుని తిన్న ఆ చేతికి వేళ్లన్నీ సక్కగానే ఉన్నాయి.

కంప్యూటర్‌లోని 'శుభలేఖ'ను మళ్లీ చూశాను.

"భ కింద ఒత్తేది బిడ్డా?"

"తోకల కలిసిపోయిందవ్వా. గదెవలు చూస్తరు?"

"మా బాపు చూసిండు" అన్నాను. "నిలువు అక్షరాలే పెట్టు."