పెద్దమ్మ అడిగిన ప్రూఫ్

నిన్న సొరుగు సర్దుతుంటే చిన్న కాగితం పొట్లం ఒకటి చేతికి తగిలింది. లోపల గరగరలాడే గుళికలు, పైన ‘తినరాదు’ అని హెచ్చరిక. దాన్ని చూడగానే పెద్దమ్మ గుర్తొచ్చింది.

నర్సీపట్నంలో ఉద్యోగం చేసే రోజుల్లో ఆదివారాలు తాండవ జలాశయంలో కయాక్ నడిపేవాణ్ణి. అదే, ఇద్దరు పట్టే సన్నటి తెడ్డు పడవ. దాని మీద వాడటానికి కెమెరా కొందామని దుకాణానికి వెళ్తే, ఒకటి నీళ్ళు చిందినా పరవాలేదట, ఒకటి మునిగినా పరవాలేదు గాని తేలదట, ఇంకోదానికి పైన కేస్ తొడిగితే చాలట. గంటసేపు విన్నాక ఏది మునిగేదో ఏది తేలేదో మరింత అయోమయమైపోయి, చివరికి ‘వాటర్ ప్రూఫ్’ కేస్ ఉన్నది తెచ్చుకున్నాను.

ఆ మాట పెద్దమ్మకి తెగ నచ్చింది. ఆవిడెరిగిన ప్రూఫులు ఐడీ ప్రూఫు, అడ్రసు ప్రూఫు. “అంటే నీల్ల మీదికెల్లినట్టు ప్రూఫ్ ఇస్తాదన్నమాట! అయితే నన్నూ తీసుకెల్రా. మాకవరపాలెంలో మీ పిన్ని, కాలవ దాటడానికే కల్లు మూసుకుంటానని యెక్కిరిస్తాది. దానికి సూపించాల!” అరవై దాటినా చెల్లెలి ముందు నెగ్గాలని అంత పంతం. కేస్‌తో వచ్చిన ఈ పొట్లాన్ని తిప్పి తిప్పి చూసి, “తినకూడనిది ఎందుకిచ్చాడ్రా?” అంది. నాకేం తెలుసు? సొరుగులో పడేశాను.

తాండవలో లైఫ్ జాకెట్ మీదుగా కొంగు బిగించి, ముందు దేవుళ్ళందరినీ పిలిచి, తరువాత నన్ను తిట్టి, ఆపైన తెడ్డు లాక్కుని తనే వేసింది. కళ్ళు తెరుచుకునే వేసింది! “ఒరే, తీస్తన్నావా లేదా? బేగి తియ్యి!” తీస్తూనే ఉన్నాను. ఇంటికొచ్చి చూస్తే అన్నీ పాలు ఒలికినట్టు తెలుపే. కేస్‌లోకి చుక్క నీరు రాలేదు, లోపలే ఆవిరి పట్టింది. ఆ తేమ పీల్చడానికే పొట్లం ఇచ్చామని దుకాణంలో తాపీగా చెప్పారు.

“ఇందులో నేనెక్కడున్నాన్రా?” అంది పెద్దమ్మ. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్ళీ వెళ్దాంలే అన్నాను. ఆ మళ్ళీ రాకుండానే ఆవిడ పోయింది.

పిన్ని నేటికీ నమ్మదు. “మా అక్కేటి, తెడ్డేటి? కలగన్నావురా!” అంటుంది. పెద్దమ్మ నీళ్ళ మీదికి వెళ్ళిందనడానికి మిగిలిన ప్రూఫు నేనొక్కణ్ణే. ఏళ్ళు గడిచేకొద్దీ, ఆ రోజు ఆవిడ కట్టుకున్నది ఎర్రచీరో పచ్చచీరో నాకే తేలడం లేదు.