గడియారం సారుకు కొసరి వడ్డించిన రోజు

ఆ రోజుల్లో, అంటే నేను జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో ఉద్యోగానికి కొత్తగా చేరిన రోజుల్లో, భోజనం దగ్గర ఎవరైనా "వద్దు" అంటే అది మొదటి విడత అని గట్టిగా నమ్మేవాణ్ని. మా జనగామ వైపు పెళ్లి బంతిలో కూర్చున్నవాడు ఒకసారి వద్దంటే మర్యాద, రెండోసారి వద్దంటే మొహమాటం. మూడోసారి విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి ముందుకు వంగితేనే నిజంగా చాలన్నట్టు. అప్పుడు కూడా వేళ్ల సందులోంచి ఒక ముక్క జార్చి గానీ పక్క విస్తరికి పోకూడదు. ఇది చేతకాని పిల్లలకు మా నాన్న వడ్డన గరిటె ఇచ్చేవాడు కాదు, మంచినీళ్ల జగ్గు ఇచ్చి పంపేవాడు. నేను స్కూల్లో ఉండగానే జగ్గు నుంచి మటన్ బకెట్టుకు ఎదిగినవాణ్ని. (తర్వాత ఉద్యోగంలో వచ్చిన ఏ ప్రమోషనూ నాకు అంత గర్వాన్నివ్వలేదు.) ఇంత అనుభవం వెంటబెట్టుకుని వచ్చానని పాపం జర్మనీవాళ్లకు తెలియదు.

ఇక్కడ ఉద్యోగంలో మొదటి ఆరు నెలలూ ప్రొబేషన్. వాళ్లకు మనం నచ్చకపోతే పెద్దగా కారణం చెప్పకుండానే ఇంటికి పంపేయొచ్చు. ఇల్లంటే నాకు ఎస్-బాన్ రైల్లో మూడు స్టాపుల అవతల అద్దెకున్న గది కాదు, జనగామే, ఎందుకంటే నా వీసా మొత్తం ఆ ఉద్యోగాన్ని పట్టుకునే వేలాడుతోంది. నన్ను ఉంచాలా పంపాలా అని తేల్చేది మా టీమ్ లీడు. ఆయనకు నేను మనసులో పెట్టుకున్న పేరు గడియారం సారు. మీటింగుకు నేను ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్తే ఆయన నన్నేమీ అనేవాడు కాదు, నా వైపు చూసేవాడు కూడా కాదు, గోడ మీద గడియారం వైపు చూసేవాడు. గడియారం నా వైపు చూసేది. అలా ఆరు నెలలు గడిచి, శుక్రవారం పొద్దున నా సంగతి తేల్చే మీటింగు అని క్యాలెండర్‌లో పడింది.

దానికి తోడు ఇంకో బాకీ మిగిలిపోయింది. కొత్తగా చేరినవాడు టీముకు ఏదో ఒకటి తినిపించడం ఇక్కడి ఆఫీసుల్లో ఆచారం, ఐన్‌స్టాండ్ అంటారు. అందరూ మొదటి నెలలోనే ఒక కేకు తెచ్చి వంటగదిలో పెట్టి ఊరుకుంటారు. నేను ఇదిగో అదిగో అంటూ ఆఖరి వారం దాకా లాగాను. నా గదిలో ఉండే భీమవరం అన్నకు (నాకన్నా మూడేళ్లు ముందు వచ్చాడు కాబట్టి జర్మనీ గురించి ఆయనకు తెలియనిది లేదు) చెబితే పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు.

"కేకు ముక్క పెట్టి చేతులు దులిపేసుకుంటావేంట్రా? మనోళ్ల పరువు తీసేత్తావా? కడుపునిండా పెట్టు. ఉప్పు తిన్న ఇశ్వాసం ఎక్కడికి పోద్ది? మీటింగుకి ముందురోజే పెట్టు."

"ఏం పెట్టాలన్నా?"

"పంది. ఈళ్లకి పందంటే మనకి కోడి లాగరా. స్టేషన్ ఎనకమాల మెక్సికోవోళ్ల హోటలుంది చూడు, పంది తప్పితే ఇంకోటి వొండరు. కిలోల్లెక్కన ఇత్తారు, చవక్కూడాను."

"అన్నా, నేను పంది తిననన్నా. మా అమ్మకు తెలిస్తే సంపుతది."

"నువ్వెందుకు తినడం? పెట్టేవోడు ఎక్కడైనా తింటాడేంట్రా?"

ఆ మాట నాకు శాస్త్రంలా వినిపించింది. మా ఇంట్లో అన్నం దగ్గర పంది అన్న మాట కూడా ఎవరూ ఎత్తరు. విమానం ఎక్కే ముందు మా అమ్మ, "ఏమన్న తిను బిడ్డా, గని గా పంది జోలికి మాత్రం పోకు" అని నెత్తి మీద చెయ్యి పెట్టి మరీ చెప్పింది. తినొద్దంది గానీ తినిపించొద్దనలేదు కదా అని మనసుకు సర్దిచెప్పుకుని, గురువారం మధ్యాహ్నానికి టేబుల్ చెప్పేశాను.

హోటలంటే పెద్ద హంగేమీ కాదు. బల్లల మీద పువ్వుల ప్లాస్టిక్ గుడ్డలు, ఒకదానికొకటి పోలిక లేని కుర్చీలు, గోడ మీద వంటవాడి టోపీ పెట్టుకుని నవ్వుతున్న పంది బొమ్మ. తనను వండుతుంటే అంత సంతోషపడే ప్రాణిని నేను ఇంకెక్కడా చూడలేదు. లోపల పెద్ద రాగి గిన్నెలో మాంసం తన కొవ్వులోనే తాను పొద్దుట్నుంచీ సన్నసెగ మీద ఉడుకుతోంది. ఆ గిన్నె దగ్గర గరిటె పట్టుకుని ఒక పెద్దావిడ, కొప్పు, నడుముకు గుడ్డ, చేతికి గాజులు లేవనే గానీ అచ్చం మా పిన్ని. ఆవిడకు స్పానిష్ తప్ప, లెక్కకు సరిపడా జర్మన్ తప్ప ఏమీ రాదు. పళ్లెంలో మాంసం తరిగి తెచ్చి, పక్కన అరచేతంత మొక్కజొన్న రొట్టెలు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మచెక్కలు, ఎర్ర పచ్చడి పెట్టింది. రొట్టెలో మాంసం వేసి, మీద ఇవన్నీ చల్లి, మడిచి తినడమే. ఉల్లిగడ్డ, కొత్తిమీర, నిమ్మకాయ కనబడేసరికి నాకు సొంతూరి బంతిలో నిలబడ్డట్టే అనిపించింది. ఇక కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

వచ్చింది ముగ్గురు. గడియారం సారు, టెస్టింగు చూసే పొడుగమ్మాయి, సర్వర్లు చూసే గడ్డమాయన. "నువ్వూ కూర్చో" అన్నారు. "మీరు కానివ్వండి, నేను తర్వాత తింటాను" అని పళ్లెం ఎత్తుకుని చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. రొట్టెలో మాంసం పెట్టడం, పచ్చడి వెయ్యడం, మడవడం, ప్లేట్లో పెట్టడం. సారు రెండు తిని, "చాలా బాగుంది" అన్నాడు. ఆరు నెలల్లో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. నా కళ్ల ముందు ఆయన సంతకం కనబడింది. వెంటనే ఇంకోటి పెట్టాను.

"వద్దు, థాంక్యూ" అన్నాడు.

మొదటి విడత అనుకున్నాను.

పొడుగమ్మాయి, గడ్డమాయన తలా ఒక ముక్క ప్లేట్లో వదిలేసి చేతులు తుడుచుకున్నారు. ముక్క మిగిలిందంటే కడుపు నిండిందన్నమాట, వాళ్లతో నాకు పేచీ లేదు. గడియారం సారు ప్లేటు మాత్రం అద్దంలా ఉంది. రాలిన ఉల్లిముక్కలు కూడా వేలితో అద్దుకుని తింటున్నాడు. ఖాళీ విస్తరిని చూసి దాటిపోయేవాడు మనిషేనా? నేను పెట్టాను. "నిజంగా చాలు" అన్నాడు. రెండో విడత. మళ్లీ ప్లేటు ఖాళీ. మళ్లీ పెట్టాను. ప్రతిసారీ ఆయన వద్దంటాడు, పెట్టిందాని వైపు కాసేపు పెండింగ్ ఫైలు చూసినట్టు చూస్తాడు, ఒక నిట్టూర్పు విడిచి మొత్తం తినేస్తాడు. చేతులు మాత్రం అడ్డం పెట్టడు. ఇంత ఆకలి పెట్టుకుని ఎంత మొహమాటం మనిషి అని నాకు ఆయన మీద జాలి కూడా కలిగింది.

గిన్నె దగ్గర నుంచి పిన్ని ఇదంతా చూస్తోంది. మేం అడగకుండానే ఇంకో పళ్లెం తెచ్చి నా చేతిలో పెట్టి, భుజం తట్టి స్పానిష్‌లో ఏదో అంది. నాకు స్పానిష్ ముక్క రాదు గానీ, "పెట్టు నాయనా, ఇంకా పెట్టు" అందని ఎవరి మీదైనా ఒట్టేసి చెప్పగలను. మేమిద్దరం ఒక జట్టయిపోయాం. సారు బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకున్నాడు. లంచ్ టైం ఎప్పుడో దాటిపోయింది, ఆయన గడియారం వైపు చూడలేదు. అంత ఇష్టంగా తింటున్నాడని మురిసిపోయాను.

చివరికి ఆయన బల్ల పట్టుకుని లేచి, "మీరు ముందు వెళ్లండి, నేను మెల్లగా నడుచుకుంటూ వస్తాను" అన్నాడు. వాళ్లు వెళ్లాక నేను డబ్బులివ్వడానికి పిన్ని దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా ప్లేటు చూసింది. ముట్టుకోని ప్లేటు. వెంటనే కుర్చీ లాగి కూర్చోబెట్టి, వేడివేడిగా ఒకటి మడిచి నా ముందు పెట్టింది. నేను వద్దని తల ఊపాను. ఇంకోటి పెట్టింది. గోడ మీది పందిని చూపించి దణ్ణం పెట్టాను. ఆవిడ కూడా పందికి దణ్ణం పెట్టి నవ్వి మూడోది పెట్టింది. ఆ కళ్లు నాకు బాగా తెలుసు. నా నిజమైన వద్దు ఆవిడకు మొహమాటంలా కనబడుతోంది. ఎదురుగా నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, నేను తినేదాకా కదల్లేదు. తిన్నాను. బాగుంది. ఇంతకన్నా వివరంగా రాయలేను, మా అమ్మకు ఈమధ్య ఫోన్లో చదవడం అలవాటైంది.

శుక్రవారం పొద్దున సారు ఆఫీసుకు రాలేదు. "కడుపు బాగాలేదు. మీటింగు సోమవారం" అని మెసేజ్ వచ్చింది. ఆయన సెలవు పెట్టడం తామెప్పుడూ చూడలేదని పొడుగమ్మాయి, గడ్డమాయన కాఫీ మెషీన్ దగ్గర చెప్పుకుంటుంటే విని, కాఫీ తీసుకోకుండానే వెనక్కి వచ్చేశాను. సాయంత్రం అన్నకు చెప్పాను.

"బాసుని పందితో పడగొట్టేసేవు కదరా" అన్నాడు.

"నువ్వే గదనే పెట్టమన్నవ్."

"పెట్టమన్నాన్రా. కూరమన్నానా?"

ఆ రెండు రోజులూ నేను పడ్డ భయం పరీక్ష ఫలితాలకు కూడా పడలేదు. శుక్రవారం మొదలైన వాన ఆదివారం కూడా ఆగలేదు. కిటికీ దగ్గర కూర్చుని, జనగామలో ఎవరెవరికి ఏమేం సమాధానం చెప్పాలో వరసగా అనుకుంటుంటే అమ్మ ఫోన్ చేసింది.

"కొల్వు ఎట్లున్నది బిడ్డా? మీ సారు మంచిగ సూస్తుండా?"

"సూస్తుండమ్మా. మొన్న అన్నం పెట్టిన."

"మంచిగ తిన్నడా?"

"బాగ తిన్నడు."

"గట్లైతె నీకేం ఫికర్ లేదు తియ్యి" అని నిశ్చింతగా ఫోన్ పెట్టేసింది.

సోమవారం చెప్పిన టైముకు అయిదు నిమిషాల ముందే వెళ్లి కూర్చున్నాను. సారు వచ్చాడు. మొహం కొంచెం పీక్కుపోయింది. చేతిలో ఎప్పుడూ ఉండే కాఫీ లేదు, సోంపు వాసన వేస్తున్న ఏదో టీ ఉంది. నా కాగితాలు ముందు పెట్టుకుని, వాటిని తెరవకుండా, "మొదట నాకొక సంగతి చెప్పు. నేను చాలాసార్లు వద్దన్నాను. నా ఇంగ్లీషు అంత అన్యాయంగా ఉందా?" అన్నాడు.

దాచి లాభం లేదని అంతా చెప్పాను. బంతి, విస్తరి, మూడు విడతలు, మా నాన్న, జగ్గు, బకెట్టు. చేతులు ఎలా అడ్డం పెట్టాలో బల్ల మీద వంగి చూపించాను కూడా. "మీరు ప్లేటు ఖాళీ చేస్తూనే ఉన్నారు కదా సార్" అన్నాను చివరికి, ఏడుపు ఆపుకుంటూ.

ఆయన కాగితాలు పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు. "నన్ను మా నాయనమ్మ పెంచింది. ప్లేట్లో పెట్టింది వదలకూడదు. మొత్తం తింటే మర్నాడు ఎండ కాస్తుందని చెప్పేది. మామూలు చోటయితే కత్తీ ఫోర్కూ పక్కపక్కన పెట్టి అయిపోయిందని చెప్పేవాణ్ని. నువ్వు అవి లేని చోటికి తీసుకెళ్లావు." టీ ఒక గుక్క తాగి, కిటికీ వైపు చూశాడు. "అంతా తిన్నాను. అయినా శుక్రవారం వాన పడింది."

నవ్వాలో వద్దో తెలియక బిగుసుకుపోయాను. ముందు ఆయనే నవ్వాడు. పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు (నొప్పి ఇంకా తగ్గినట్టు లేదు). తర్వాత కాగితం తెరిచి, "పనిలోనూ నువ్వింతే. ఎవరూ అడగని పని కూడా చేసి పెడతావు. ఒకసారి చాలంటే ఆపడం నేర్చుకో" అని సంతకం పెట్టాడు. నేను లేవబోతుంటే, "ఆ చేతులు అడ్డం పెట్టేది ఇంకోసారి చూపించు" అని, నా ఫైలు మీదే రెండుసార్లు సాధన చేశాడు.

ఆపడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఇప్పుడు మా ఇంటికి భోజనానికి వచ్చిన మనవాళ్లు ఒకసారి వద్దంటే నేను సరేనని గిన్నె మూసేస్తాను. వాళ్లు వెళ్లాక మా ఆవిడ, "పాపం అర్ధాకలితో లేచిపోయారు, ఇంకోసారి అడిగితే మీ సొమ్మేం పోయింది?" అని తిడుతుంది. అడిగాను కదా అంటాను. నాకు నిజంగానే తప్పు కనబడదు.

ఈమధ్య గడియారం సారు రిటైరయ్యాడు. వెళ్లేవాడు కూడా టీముకు తినిపించి వెళ్లాలి కదా, ఆయన ఏరికోరి ఆ హోటలుకే పిలిచాడు. అవే ప్లాస్టిక్ గుడ్డలు, అదే పంది, అదే నవ్వు. పిన్ని జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేను ఆయన పక్కన కుర్చీలో తీరిగ్గా కూర్చున్నాను. ఆయన రెండు తిన్నాడు. పళ్లెం నా దగ్గరికి వచ్చినప్పుడు "ఇంకోటి?" అన్నాను.

"వద్దు, థాంక్యూ" అంటూ రెండు చేతులూ ప్లేటు మీద అడ్డం పెట్టి ముందుకు వంగాడు. మా జనగామ పెళ్లిలో పెద్దమనుషులు కూడా అంత ముచ్చటగా వంగరు. నేను సరేనని తల ఊపి పళ్లెం పక్కవాళ్లకు అందించాను. కాసేపటికి చూస్తే ఆయన ఇంకా అలాగే వంగి ఉన్నాడు, చేతులు తియ్యలేదు.

"అంతేనా? ఇంకోసారి అడగవా?" అన్నాడు మెల్లగా.

బకెట్టు పట్టుకుని తిరిగిన ఆ కుర్రాడయితే ఆయనచేత ఆ మాట అనిపించుకునేవాడు కాదు. వాడి తొందర, వాడి భయం, వాడి మూర్ఖపు ప్రేమ గుర్తొచ్చి, వాడి మీద ఎప్పుడూ లేనంత ముద్దొచ్చింది. లేచి నిలబడ్డాను. పక్కవాళ్ల దగ్గర నుంచి పళ్లెం వెనక్కి లాక్కుని, ఆయన వేళ్ల సందులోంచి ఒక ముక్క జార్చాను. అలవాటు తప్పిన చెయ్యి కదా, అది గురి తప్పి ఆయన చొక్కా మీద పడింది.