గోలీ పాస్

మొన్న పంటినొప్పి భరించలేక, ఇక్కడ మస్కట్‌లో, బౌషర్ వైపు మందుల షాపుకి వెళ్లాను. కౌంటర్ వెనక ఉన్న మలయాళీ అమ్మాయి ఇచ్చిన మాత్రను అరచేతిలో వేసుకుని చూస్తే నోట్లో వేసుకోబుద్ధి కాలేదు. ఇటుక ఎరుపు, నున్నటి పూత. ఆ రంగు నా చేతులకు బాగా తెలుసు. మా జగిత్యాల వైపు మాత్రను గోలీ అంటాం. ఇక్కడ డ్యూటీలో నడిచే హిందీలో తుపాకీ గుండును గోలీ అంటారు. ఈ ఒక్క మాట కొన్నేళ్లపాటు నన్ను కాపాడి, చివరికి ముంచింది.

అప్పట్లో నేను ఇక్కడికి చాలా దూరంగా, దక్షిణాన ఉన్న రైసూత్‌లో, అల్యూమినియం కిటికీల వర్క్‌షాప్‌లో పౌడర్ కోటింగ్ చేసేవాణ్ణి. చట్రం మీద రంగుపొడి చల్లి ఓవెన్‌లో కాలిస్తే గట్టి పూత వస్తుంది. మా అర్బాబుకి, అంటే యజమానికి, రైఫిల్ పిచ్చి. లైసెన్సున్న క్లబ్బులో అట్టల మీద గురిచూసి కాల్చే పోటీలకు వెళ్లేవాడు. అక్కడ తూటాలు చేత్తో కట్టే ఉస్తాద్ ఒకాయన ఉండేవాడు, ఫౌజులో పనిచేసి రిటైరైన ముసలాయన. సీసపు గుండుకు పూత ఉంటే తుపాకీ గొట్టం లోపల సీసం అంటుకోదని ఆయన అన్నాడట. మనకు ఓవెన్ ఉండగా బయట ఖర్చెందుకని అర్బాబు ఒక డబ్బా నిండా గుండ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. నాకు తెలిసిన మంచి పూత అంటే దట్టంగా, మొహం కనిపించేలా ఉండాలి. ఇటుక ఎరుపు పొడితో అలాగే వేశాను. పెళ్లికూతుళ్లలా మెరిశాయి.

పరీక్షకు నన్నూ తీసుకెళ్లారు. అక్కడివాళ్లు ఖరీఫ్ అనే వానాకాలపు తుంపర రోజులు, కొండల మీద మంచు, బూట్ల నిండా బురద. నేను చూడబోయేది నా పనితనమే కదా అని చెవులకు డిప్పలు పెట్టుకుని గర్వంగా నిలబడ్డాను. పూత మందమై, మొదటి తూటాకే తుపాకీ మూసుకోలేదు. ఉస్తాద్ బలవంతం చేయకుండా దాన్ని మెల్లగా బయటికి తీసి, వేళ్ల మధ్య తిప్పి చూసి, నా వైపు తిరిగి, “యే ఖిడ్కీ నహీ హై” అన్నాడు. ఇది కిటికీ కాదని. అర్బాబు నవ్వాడు, నేను నేల చూశాను. తర్వాత పూత పలచన చేయడం నేర్చుకోవడానికి చాలా తిప్పలు పడ్డాను. ఆ తేమకు పొడి ఉండకట్టేది. చివరికి ఒకరోజు ఒక్కో తూటా దానంతట అది లోపలికి పోయింది, పేలింది, ఖాళీ తూటా గొట్టం ఎగిరి పడింది, వెనకాలే ఇంకోటి వచ్చింది. ఒక్కటి ఇరుక్కున్నా ఆ పెట్టె మొత్తం పక్కన పెట్టేస్తాడాయన. ఏదీ ఇరుక్కోలేదు. వేడివేడి ఇత్తడి గొట్టాలు ఏరుతున్న నా భుజం తట్టి, “ఖలాస్, గోలీ పాస్” అన్నాడు.

ఆ సంతోషంలో రూమ్‌కి రాగానే మా అక్కకు ఫోన్ చేశాను.

“మా గోలీలు పాసైనయక్కా. ఒక్కటి గూడ అడ్డం పడలే.”

“గొంతుల అడ్డం పడకుంటె అదే మేలు తమ్మీ” అంది అక్క.

నాకు నవ్వొచ్చింది. నేను మందుల కంపెనీలో చేస్తున్నాననుకుంటోందని అర్థమై, సరిచేద్దామని నోరు తెరిచాను. అంతలో ఆమె ఏడవడం మొదలుపెట్టింది. అక్క బీడీలు చుడుతుంది. కార్ఖానాలో చెక్ చేసే మనిషి బాగాలేవని పక్కకు తీసేసిన బీడీలను ఇంటికి తెచ్చేది, వాటిని మా బావ కాల్చేవాడు. ఛాతీ జబ్బుతో పోయాడు. తన చేత్తో చుట్టినవే ఆయన ఊపిరి తీశాయన్నది అక్క మనసులో ముల్లు. “నేను పొగ జేసిన, నువ్వు మందు జేస్తున్నవ్. దేవుని కాడ లెక్క సమానమైతది” అంది. తెరిచిన నోరు మూసుకున్నాను.

ఇక ఆ మాట వాడంతా పాకింది. నా చేతి గోలీ ఒక్కటి కూడా వృథా పోవద్దని అక్క శుక్రవారం శుక్రవారం దీపం పెట్టేదట. అది విన్న రోజు రేంజ్‌లో తూటా పేలిన ప్రతిసారీ నాకు ఆ దీపమే గుర్తొచ్చింది. మోకాళ్లు నొస్తున్నాయి, మీ గోలీలు పంపమనేది. షాపులో కొని, సెలవు మీద పోయేవాళ్లతో పంపేవాణ్ణి. ఊళ్లో దొరికే వాటికంటే ఇవే పనిచేస్తున్నాయని మెచ్చుకునేది. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

పోయిన సెలవులో ఇక మోయలేక, నావి తుపాకీ గోలీలని చెప్పేశాను. అక్క చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తోంది. అంతా విన్నది. కత్తెర ఆగింది.

“మరి అవి ఎవలకు తాకుతయ్ రా?”

“ఎవలకు లేదక్కా. అట్టకు.”

చేతిలో ఆకును తిప్పి చూసింది. “అట్లయితె నీదే నయం తమ్మీ. నావి మనిషికి తాకినయ్” అని మళ్లీ కత్తిరించడం మొదలుపెట్టింది.

ఇప్పుడు నేను మస్కట్ బ్రాంచిలో కిటికీలకే రంగు వేస్తున్నాను. అక్క ఫోన్లో తిన్నావా అని అడుగుతుంది, గోలీలు మాత్రం అడగదు. మోకాళ్లెలా ఉన్నాయంటే మంచిగనే ఉన్నాయంటుంది. దీపం సంగతి అడిగే ధైర్యం నాకు లేదు. నా బరువు దించుకోవాలనుకున్నాను గానీ, అది ఎవరి ఒళ్లో పడుతుందో ఆలోచించలేదు. మందుల షాపు బయట ఆ ఎర్ర మాత్రను నీళ్లతో మింగాను. సాయంత్రానికి పన్ను సర్దుకుంది. గడిచిపోయిన కాలాన్ని ఎవరూ తీసుకుపోలేరని అనుకునేవాణ్ణి. అక్క కాస్త హాయిగా బతికిన ఆ కొన్నేళ్లను, ఒక్క నిజం చెప్పి, నేనే వెనక్కి తీసుకున్నాను.