మామిడి నీడలో పాలగుండ, పక్కనే నాభి

ఆ రోజు పొద్దున సగం గిన్నె గంజి తాగేసరికి నాలుక తిమ్మిరెక్కింది. జ్వరం నోరు కదా, అలాగే ఉంటుందనుకొని మిగతా సగమూ తాగాను. మధ్యాహ్నానికి గొంతు మంట, వెనువెంటనే వాంతులు, పొద్దు వాలేసరికి విరేచనాలు. ఇంట్లోవాళ్లు గత్తర, అంటే కలరా, అన్నారు. నా మంచాన్ని ఎడ్ల కొట్టంలోకి మార్చారు. అందరికంటే ముందు మంచం కోడు పట్టుకున్నది మా మామ. ఈ రోగం గురించి చెప్పాలంటే ఆయన గురించి చెప్పక తప్పదు. మంచిగా చెప్పడం నా వల్ల కాదు.

మాది ఆర్మూర్‌లో రైతుల పసుపు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం. రైతు తెచ్చిన పసుపు విరిచి, వాసన చూసి మామ ధర చెప్తే బజారులో ఎదురు లేదు. అత్త నేను కాపురానికి రాకముందే పోయింది. పెరట్లో రెండు మామిళ్ల కింద ఎండ పడదు, ఏ కూరా పండదు. అక్కడ నేను పాలగుండ వేశాను. అదీ పసుపు జాతే. తొలకరికి నేలలోంచి గులాబీ రంగు పువ్వు పొడుచుకొస్తుంది. రాలిన ఆకుల ఎరువు చాలు, నీళ్లు నిలవకపోతే చాలు, ఏటేటా తనంతట తానే లేస్తుంది. దుంప తురిమి, కడిగి, అడుగున పేరిన తెల్లటి పిండి ఎండబెట్టుకుంటే జ్వరం వచ్చినవాళ్లకు గంజి.

ఆ పక్కనే కంచె మీదికి పాకడానికి గుట్ట రాళ్ల సందు నుంచి అడవినాభి దుంపలు తెచ్చి పెట్టాను. ఎరుపు, పసుపు కలిసి మంటలా పూస్తుంది. దాని దుంప విషమని నాకు తెలుసు. మా ఆయనకు చెప్పాను. ఆయన వాళ్ల నాయినకు చెప్పాడో లేదో ఇప్పటికీ నోరు విప్పడు.

ఆ చలికాలం నవీపేటలో మా తల్లిగారింటికి పోయి జ్వరంతో పడ్డాను. నెల తరువాత తిరిగొచ్చేసరికి మామిళ్ల కింద నేల నున్నగా ఉంది. పసుపు చేలో ముందు ఆకు కోస్తారు, కొన్నాళ్లాగి దుంప తవ్వుతారు. మామ పెరట్లోనూ అదే చేయించాడు. ఆకులు, తీగలు అన్నీ నేలమట్టంగా కోయించి, పది రోజులకు తవ్వించాడు. పైన ఏమీ లేకపోతే కింద ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది? పాలగుండ దుంపలు గుండ్రంగా వచ్చాయి. నాభివి వేళ్లలా పొడుగ్గా, వంకరగా వచ్చాయి. మా ఇంట్లో పనిచేసే ఎల్లవ్వకు అనుమానం వచ్చిందట. తరువాత తనే నాకు చెప్పింది.

"సేటూ, గీ వంకరయి వేరే తీరుగున్నయి. కలుపాల్నా?"

"నలభై ఏండ్ల సంది పసుపు సూస్తున్న. గుండ్లు, కొమ్ములు ఒక్క తల్లివే. నాకు తెల్వదా?"

పసుపుకు అది నిజమే. పాలగుండకు అలాంటి వేళ్ల కొమ్ములుండవు. నేను వచ్చేసరికి అన్నీ కలిసి తెల్లటి పిండై డబ్బాలో ఉన్నాయి; జ్వరం మళ్లీ తిరగబెడితే ఆ గంజే తాగాను.

నన్ను కొట్టంలో వేసిన మర్నాడు మా ఆయన బండి కట్టించి దవాఖానకు తీసుకుపోయాడు. "పల్స్ దొరుకుతలేదు, సలైన్ పెట్టుండ్రి" అని డాక్టర్ అరవడం ఒక్కటే గుర్తుంది. నాలుగో రోజుకు వాంతులు ఆగాయి. బతికాననుకున్నాను. వారం తిరగకుండానే చిగుళ్ల నుంచి రక్తం. పన్నెండో రోజు దువ్వెన పెడితే జడ జడంతా చేతికి వచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు.

డాక్టర్ ఊడిన జడను చేతిలోకి తీసుకొని చూశాడు. "ఇది కలరా కాదమ్మా. కలరాకు వెంట్రుకలు ఊడయి. పాయిజన్. ఏం తిన్నవ్?"

"పాలగుండ గంజి."

విత్తనానికి దాచిన దుంపలు తెమ్మని మా ఆయనను పంపాడు. తెచ్చినవాటిలోంచి వంకరది ఒకటి తీసి చూపించాడు. "నాగలి తీరుగ ఒంగింది సూడు. నాభి ఇది. పిండి ఎన్నిసార్లు కడిగిండ్రు?"

"ఎల్లవ్వ ఎప్పుడూ నాలుగు నీళ్లు కడుగుతది."

"ఆమెకు దండం పెట్టు. విషం శానా మటుకు ఆ నీళ్లల్లనే పోయింది."

ఈలోగా మామ బజారులో కథ నడిపించాడు. కోడలు ఇంటిల్లిపాదినీ చంపడానికి విషం పెంచిందట, తన గోతిలో తనే పడిందట. దవాఖాన నుంచి నన్ను అటే నవీపేటకు పంపేయమని కబురు చేశాడు. ఆ ముద్రతో పోతే మళ్లీ ఆ గడప తొక్కే పని లేదు.

నేను నవీపేట బండి ఎక్కలేదు. బోడి నెత్తికి కొంగు బిగించి ఆర్మూర్‌కే వచ్చాను. అరుగు మీద మామ ఇద్దరు షావుకార్లతో కూర్చొని, "డాక్టర్‌కేం తెలుసు? నా పిండిల ఏం లేదు" అంటున్నాడు. ఆరేళ్ల కాపురంలో మామ ఎదుట నిలబడి మాట్లాడింది లేదు. ఎల్లవ్వతో అదే డబ్బాలోని పిండితో గంజి కాచించి, తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"పిండిల ఏం లేదంటున్నరు గదా మామా. తాగుండ్రి."

మా ఆయన గడప దగ్గర గోళ్లు కొరుకుతూ నిలబడ్డాడు. మామ గిన్నె ఎత్తితే లాగేసేదాన్నని చుట్టాలతో చెప్తుంటాను. నిజానికి నాకే తెలియదు.

ఆయన చేయి గిన్నె దాకా పోయి వెనక్కి వచ్చింది. "పారబొయ్యి" అన్నాడు. షావుకార్లు లేచి చెప్పులేసుకున్నారు. నవీపేట మాట ఆ తరువాత ఎవరూ ఎత్తలేదు.

ఇది జరిగి మూడేళ్లు. జుట్టు భుజాల దాకా పెరిగింది. పెద్దాయన కదా, మనసులో పెట్టుకోకు అంటారు. చలికి నా అరికాళ్లు ఇంకా తిమ్మిరెక్కుతూనే ఉన్నాయి, ఎలా మరిచిపోను? నాభిని మాత్రం పీకేయలేదు. పువ్వు చేసిన పాపమేమిటి? పాలగుండకు దూరంగా, అవతలి గోడ నీడన పాత కాగులో పెంచుతున్నాను.

నీడలో దుంప మొక్కలు పెంచేవాళ్లకు ఒక్క మాట. ఆకు పచ్చగా ఉండగానే ప్రతి మొదలు పక్కన కట్టె పాతి గుడ్డపీలిక కట్టండి. విషపుదానికి ఎర్రది. ఆకు ఎండాక ఎంత అనుభవజ్ఞుడి మాటా నమ్మవద్దు.

మొన్న మామకు జ్వరం వచ్చింది. గంజి కాచి తీసుకుపోయాను. ఆయన గిన్నె అందుకోలేదు, నా ముఖం చూశాడు. ఆయన చూస్తుండగానే ముందు నేను ఒక గుటక తాగాను. అప్పుడు చేయి చాచాడు.