దాచిన ఎక్స్‌రే రిపోర్టులు

మా నాన్న ఒక బెంగాలీ ఊళ్లో రైల్వే వర్క్‌షాపు ఫిట్టరు. అక్కడి ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లో పెరిగిన నాకు తెలుగుతో పాటు బెంగాలీ, హిందీ, కాస్త ఒడియా వచ్చాయి. స్కూలు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక అనువాదాలు చేసుకుంటున్నాను. ఒకసారి ఒక ఇనుప గనుల కంపెనీ కూలీలకు పంచే తన మానవ హక్కుల పుస్తకాన్ని తెలుగు చేయమని పంపింది. ఒడిశా కొండల్లోని వాళ్ల గనిలో శ్రీకాకుళం వైపు కాంట్రాక్టు కూలీలు చాలామంది ఉన్నారట.

తన వైద్య పరీక్షలో ఏం తేలిందో తెలుసుకునే హక్కు ప్రతి కార్మికుడికీ ఉందని అందులో ఒక వాక్యం. చదువురాని మనిషికి చదివి వినిపించినా అర్థమయ్యేలా దాన్ని మూడుసార్లు తిరగరాశాను.

కొన్నాళ్లకు, పుస్తకంలో ఉన్నది గనిలో జరుగుతోందో లేదో చూడటానికి బయటి నుంచి ఒక తనిఖీ అధికారిణి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. కూలీల మాటలు హిందీలో చెప్పడానికి కంపెనీవాళ్లు నన్నే పిలిచారు. పొద్దున్నే రైలెక్కి వెళ్లాను. కూలీలతో మాట్లాడేటప్పుడు గని మేనేజర్ని బయటికి వెళ్లమంది ఆమె. ఆయన గుమ్మం దాటి అక్కడే నిలబడ్డాడు.

రాయి పిండిచేసే క్రషర్ దగ్గర పనిచేసే మనిషి వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్లుంటాయేమో. ఆ పుస్తకం తెచ్చుకున్నాడు.

“ఇది ఎవలు రాసినారమ్మా?”

“ఇంగ్లీషులో ఉంటే నేను తెలుగు చేసినాను బాబూ.”

“అయితే నీకు తెలస్తాది. ఏటేటా ఎక్స్‌రే తీస్తన్నారు. బొమ్మ సూపరు, ఏటుందో సెప్పరు. నాలుగడుగులేస్తే ఆయాసమొస్తంది.”

గుమ్మం దగ్గర మేనేజరు బూట్లు కనిపిస్తున్నాయి. నాకు పని ఇచ్చింది వాళ్లే. “రిపోర్టు ఇంకా చెప్పలేదట” అని హిందీలో అన్నాను.

అతనికి హిందీ తెలుసని నేననుకోలేదు. “ఇంకా అని నేననలేదమ్మా. సెప్పరు అన్నాను” అన్నాడు. కోపంగా కాదు, అలసటగా.

తల ఎత్తలేకపోయాను. నేను తప్పు చెప్పానని అధికారిణికి చెప్పి, అతని మాటలు ఉన్నవున్నట్టు మళ్లీ చెప్పాను. ఆమె రాసుకుంది. వచ్చేటప్పుడు మేనేజరు, “దీదీ, అన్నీ హెడ్డాఫీసులో ఉన్నాయి, మిల్ జాయేగా, వచ్చేస్తాయి” అన్నాడు.

నెలలు గడిచాయి. నేను హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే ప్రాసెస్‌లో ఉందనేవారు. విసుగొచ్చి మానేద్దామనుకున్నాను కూడా. చివరికి, రిపోర్టులు ఇచ్చేదాకా తనిఖీ పూర్తయినట్టు సంతకం పెట్టనని అధికారిణి పట్టుబట్టడంతో కవర్లు బయటికొచ్చాయి. అన్నీ ఇంగ్లీషులోనే.

ఆ క్రషర్ మనిషి భార్యను వెంటబెట్టుకుని రైల్లో మా ఊరొచ్చి, పూరీ గేట్ దగ్గరున్న మా ఇంటికి వచ్చాడు. మూడు మెట్లెక్కి గోడ పట్టుకుని ఆగాడు. మంచినీళ్లిచ్చి రిపోర్టు చదివాను. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము పేరుకుంది, ఈ మనిషిని దుమ్ములో పనికి పెట్టకూడదు అని ఉంది. ఈసారి ఏ మాటా మెత్తబరచలేదు.

“ఎప్పుడు రాసినారక్కా?” అని భార్య అడిగింది.

తారీఖు చూశాను. “రెండేళ్ల కిందట.”

ఆమె మొగుడి వైపు చూసింది. అతను, “మళ్లీ సదువమ్మా” అన్నాడు. మళ్లీ చదివాను.

ఇప్పుడతను గని గేటు దగ్గర లారీల నంబర్లు రాస్తున్నాడు. నష్టపరిహారం కేసు నడుస్తోంది. ఆ గనిలో రిపోర్టులు తెలుగులో చదివి చెప్పడానికి ఒక నర్సును పెట్టారు. తన పుస్తకంలో రాసుకున్న ఒక్క వాక్యాన్ని ఆ కంపెనీ పాటించడానికి ఇంత పట్టింది. అతని ఊపిరి మాత్రం బాగుపడేది కాదని డాక్టరు చెప్పాడు.

పక్క గనిలో అలా చదివి చెప్పే నర్సు కూడా లేదు. పోయిన ఆదివారం అక్కడి నుంచి ఇద్దరు కవర్లు పట్టుకుని వచ్చారు. కూర్చోమని చెప్పి కళ్లజోడు వెతుక్కున్నాను.